చేదు చెస్ట్‌నట్ చెట్టు కింద

ఆకులు రంగు మారే కాలం వచ్చిందంటే అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉన్న మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళంతా శనాదివారాలు ఉత్తరం దారి పడతారు. తిరిగొచ్చినవాళ్ళ ఫోన్లలో ఎర్రటి చెట్లూ, వాటి ముందు చలికి ముడుచుకుపోయిన పట్టుచీరలూ చూడటమే తప్ప నేనెప్పుడూ వెళ్ళలేదు. మావారు పనిచేసే కార్ల సీట్ల ఫ్యాక్టరీలో ఆ కాలంలోనే ఊపిరాడని పని. ఈ ఏడు మాత్రం వెళ్ళక తప్పలేదు. మా తోడికోడలు విజయ సెలవు పెట్టి కాకినాడ నుంచి వచ్చింది.

విజయ మా మరిది భార్య. అక్కడ ఒక సహకార బ్యాంకులో ఆఫీసరు, పిల్లల తల్లి. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో పదిమంది మధ్య కలుసుకోవడమే గానీ మేమిద్దరం కలిసి ఒక పూటైనా గడిపింది లేదు. మనిషి మంచిది, చెయ్యి పెద్దది. కానీ తప్పు పడితే ఓర్చుకోలేదు. ఒకసారి ఎవరి పెళ్ళిలోనో తను దగ్గరుండి చేయించిన పులుసు తిని, "పులుసులో ఉప్పు కాస్త ఎక్కువైందేమో" అన్నందుకు పెళ్ళివారు వెళ్ళిపోయేదాకా నాతో మాట్లాడలేదు. ఈ ప్రయాణంలో నోరు అదుపులో పెట్టుకోవాలని అనుకునే కారెక్కాను. డ్రైవ్ చేసింది మా అమ్మాయి నిత్య. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఈ మధ్యే ఉద్యోగంలో చేరింది.

రంగుల ఆకుల గురించి మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. నేను మాత్రం ఒక్క చెట్టు గురించి, దాని కింద మాకు జరిగిన దాని గురించి చెబుతాను.

దారి పక్క తోట

పెద్ద రోడ్డు దిగి ఆపిల్ తోటల మధ్య నుంచి వెళుతుంటే ఒకచోట పొగ, కాలిన బెల్లం లాంటి వాసన. నిత్య కారు ఆపింది. ఒక పొడుగాటి మనిషి ఇనప మూకుడులో చెస్ట్‌నట్‌లు వేయిస్తున్నాడు. వెనకాల ఆయన తోటే. ఒక్కో గింజకీ కత్తితో గాటు పెట్టి మూకుడులో వేస్తున్నాడు. ఎందుకని అడిగితే, "గాటు పెట్టకపోతే తూటాలా పేలుతుంది" అని చొక్కా మీద కాలిన మచ్చ చూపించాడు.

ఒకప్పుడు ఈ దేశపు అడవుల నిండా చెస్ట్‌నట్ చెట్లే ఉండేవట. తెగులు తగిలి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయట. ఇప్పుడు తోటల్లో పెంచేవి తెగులుకు తట్టుకునే వేరే రకాలని చెప్పాడు. గింజలున్న కాయ ఒకటి చూపించాడు. ఒళ్ళంతా వెంట్రుకల్లాంటి సన్నటి ముళ్ళు. తోలు తొడుగులు లేకుండా పట్టుకోలేరు.

విజయ వేయించిన గింజ ఒలిచి నోట్లో వేసుకుంది. ఆమె కళ్ళు మెరిశాయి.

"అక్కా, ఇవి మన పనస పిక్కలే! కుంపట్లో కాల్చుకు తినేవాళ్ళం చూడు, అచ్చం అదే రుచి. కాస్త చిలగడదుంప కలిపినట్టు."

పచ్చివి పౌండు ఎనిమిది డాలర్లని విని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "బాబోయ్, ఆ డబ్బుకి మా ఊళ్ళో పనసకాయే ఇంటికి తెచ్చి కోసి పెడతారు!" నిత్య నవ్వుతూ వేయించినవే ఒక పొట్లం కొంది. అది సాయంత్రానికి మిగల్లేదు.

ఆ గింజల ఆకారం నేను సరిగా చూడలేదు. ఒక పక్క బల్లపరుపుగా, కొసన సన్నటి మొనతో, ఆ మొన మీద చిన్న కుచ్చుతో ఉంటాయి. తినేటప్పుడు ఎవరు చూస్తారు?

సరస్సు పక్క ఊరు

మేము దిగింది మిషిగన్ సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో. ఇంటావిడ పేరు కేరల్, అరవై దాటినావిడ. వెనక ఇంట్లో తను ఉంటూ ముందు ఇంటిని రెండు వాటాలుగా అద్దెకిస్తుంది. ఒక వాటాలో మేము. రెండో వాటాలో ఒహాయో నుంచి వచ్చిన బెన్, కేటీ అనే దంపతులు, వాళ్ళ నాలుగేళ్ళ పాప ఎలీ.

ఇంటి ముందు ఆ చెట్టు. రెండంతస్తుల ఇంటిని మింగేసేంత గుబురు. అరచెయ్యి చాపినట్టు ఒక్కో కాడకి ఏడు ఆకులు. చుట్టుపక్కల మేపుల్ చెట్లు ఎర్రగా వెలుగుతుంటే దీని ఆకులు మాత్రం అంచుల్లో మాడిపోయి, జబ్బు పడినట్టు ఉన్నాయి. కింద గడ్డి నిండా గింజలు. కొత్తగా పాలిష్ పెట్టిన టేకు బల్లలా నిగనిగలాడుతూ, ఒక్కోదాని మీద తెల్లటి గుండ్రటి మచ్చతో. చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాదు.

ఉదయం కేటీ మా గుమ్మంలోకి ఒక పళ్ళెం పట్టుకొచ్చింది. ఆపిల్ రసంతో చేసిన వేడివేడి డోనట్‌లు. వెనకాలే ఎలీ, రెండు చేతుల్లోనూ నున్నటి గింజలు పట్టుకుని. విజయ ఆ పాపని చూసి మురిసిపోయింది. విజయకి ఇంగ్లీషు మాట్లాడటం అంతగా రాకపోయినా ఇద్దరూ మెట్ల మీద కూర్చుని గింజలు దొర్లించుకుంటూ ఆడారు.

నేనూ నిత్యా లైట్‌హౌస్ చూసి వస్తామని బయల్దేరుతుంటే విజయ ఒళ్ళో కుప్ప పోసుకుని కూర్చుంది.

"అక్కా, ఇవి నిన్నటివే కదా? నిన్న అంత డబ్బు పెట్టి కొన్నాం, ఇక్కడ కాళ్ళ కింద దొర్లుతున్నాయి!"

నేను ఒకటి తీసి చూశాను. గోధుమ రంగు, నునుపు, అంతే సైజు. "అవే," అన్నాను.

పళ్ళెం బదులు

తిరిగొచ్చేసరికి ఇల్లంతా ఇంగువ పోపు వాసన. విజయ పనస పిక్కల కూర చేసినట్టే చేసింది. ఉడకబెట్టి, తొక్క తీసి, ముక్కలు కోసి, చింతపండు, బెల్లం, ఆవపిండి పెట్టి.

"నీళ్ళు ఎంత నురగ కట్టేయో! కుంకుడుకాయలు నానబెట్టినట్టు. మళ్ళీ మళ్ళీ నీళ్ళు మార్చి ఉడకబెట్టేను," అంది.

నేను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ముందు పులుపు, తీపి, ఆ వెనక నాలుకని పట్టుకుని లాగే చేదు. నమల్లేక చేతిలోకి తీసేశాను. నిత్య కూడా ఉమ్మేసింది.

"పిన్నీ, సారీ, చాలా బిట్టర్ ఉంది. సోప్ తిన్నట్టు ఉంది."

విజయ ముఖం ముడుచుకుంది. "కాకరకాయ చేదుండదా? మెంతులు చేదుండవా? చేదు ఒంటికి మంచిది. మీరు తినకపోతే మానెయ్యండి," అని మా కంచాల్లోవి కూడా తన కంచంలోకి దులుపుకుంది. నేను వద్దనబోయి ఆగాను. పాత పెళ్ళి గుర్తొచ్చింది. పెరుగన్నం కలుపుకుని తలదించుకు తిన్నాను.

భోజనమయ్యాక అలసటగా ఉందని విజయ పడుకుంది. కాసేపటికి లేచి బాత్‌రూమ్‌కి పరిగెత్తింది. వాంతి. "పిత్తం చేసింది, ప్రయాణం పడలేదు," అంది. మళ్ళీ వాంతి. మూడోసారి గోడ పట్టుకుని వస్తుంటే ఆమె మోకాళ్ళు తనవి కానట్టు వంగిపోయాయి. నిత్య పట్టుకుంది. చేతులు వణుకుతున్నాయి. కళ్ళలోకి చూస్తే నల్లగుడ్లు పెద్దవై ఉన్నాయి.

"వేడినీళ్ళు ఇవ్వక్కా, తగ్గిపోద్ది," అంటోంది గానీ మాట ముద్దగా వస్తోంది.

అప్పుడే కేరల్ సంత నుంచి కూరగాయల సంచులతో వచ్చింది. చెత్తబుట్టలో పైకి కనబడుతున్న గింజల తొక్కలు చూసి ఆగిపోయింది. తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"ఎవరైనా ఇవి తిన్నారా?"

"చెస్ట్‌నట్‌లే కదా," అన్నాను.

"కాదు. ఇది హార్స్ చెస్ట్‌నట్. విషం!"

ఫోన్‌లో నర్సు

విషం తిన్నవాళ్ళ కోసం ఈ దేశంలో ఒక ఫోన్ లైన్ ఉంది. పగలూ రాత్రీ ఎవరో ఒకరు పలుకుతారు. కేరల్ డయల్ చేసి నా చేతికి ఇచ్చింది. అవతల ఒక నర్సు. తొందర లేని గొంతు. ఆ నిదానమే నన్ను ఇంకా భయపెట్టింది.

"బలవంతంగా వాంతి చేయించకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఒక గింజా, ఒక ఆకూ వెంట తీసుకెళ్ళండి. ఎంత తిన్నారు?"

నేను తెలుగులో అడిగాను. విజయ మొహం తిప్పుకుంది. "రెండో మూడో ముక్కలు."

గిన్నె ఖాళీగా ఉంది. "విజయా, నిజం చెప్పు. నిన్ను ఏమీ అనను."

"చెప్పేను కదక్కా, రెండు మూడే."

నర్సు ఇంకో ప్రశ్న వేసింది. "ఇంకెవరైనా తిన్నారా? ఇంట్లో పిల్లలున్నారా?"

మేమిద్దరం ఉమ్మేశామని చెప్పాను. నర్సు ప్రశ్న విజయకి కూడా తెలుగులో చెప్పాను, "పిల్లలెవరైనా తిన్నారా అని అడుగుతోంది" అని. అంతవరకు పక్కకి తిరిగి ఉన్న విజయ ఒక్కసారి లేచి కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకి నా గాజు చర్మంలో దిగింది.

"అక్కా! ఆ పాప!"

"ఏ పాప?"

"ఉత్త పళ్ళెం తిరిగి ఇవ్వకూడదని... మీరు లైట్‌హౌస్‌కి వెళ్ళినప్పుడు... డబ్బాలో పెట్టి ఇచ్చేను. సరస్సు దగ్గర తింటామని పట్టుకెళ్ళేరు."

కేరల్‌కి చెప్పాను. ఆవిడ బెన్ నంబరుకి ఫోన్ చేసింది. మోగకుండానే వాయిస్‌మెయిల్. పొద్దున వాళ్ళు ఇసక కొండలకి దారి అడిగారట, అక్కడ సిగ్నల్ ఉండదట.

నిత్య మా కారు గుమ్మం ముందుకి తెచ్చింది. విజయని ఇద్దరం మోసినట్టు తీసుకెళ్ళి వెనక సీట్లో పడుకోబెట్టాం. నేనూ ఎక్కబోతే ఆమె నన్ను నెట్టింది. ఒంట్లో బలం లేదు, అయినా నెట్టింది.

"నాకు నిత్య చాలు. నువ్వెళ్ళక్కా. ఆ పిల్లని నువ్వు కళ్ళారా చూసి నాకు చెప్పు."

"అమ్మా, గో! నేను చూసుకుంటాను," అంది నిత్య. దాని పెదాలు తెల్లబడి ఉన్నాయి.

కారు మలుపు తిరిగేదాకా కూడా నేను నిలబడలేదు.

ఇసక కొండ

కేరల్ ట్రక్కు పాతది. భయానికి కొందరు మాట్లాడరు, కొందరు ఆపరు. ఆవిడ రెండో రకం.

ఆ చెట్టు వాళ్ళ తాతయ్య నాటాడట. మే నెలలో కొమ్మ కొమ్మకీ తెల్లటి పూలగుత్తులు కొవ్వొత్తులు వెలిగించినట్టు నిలబడతాయట, చూడటానికి రోడ్డు మీద కార్లు ఆగుతాయట. చలికాలం చివర మొగ్గలు జిగురుగా వేళ్ళకి అంటుకుంటాయట. ఆకు రాలినచోట కొమ్మ మీద చిన్న గుర్రపు నాడా గుర్తు పడుతుందట, మేకుల గుర్తులతో సహా. "పేరు గుర్రానిది. గుర్రం తిన్నా జబ్బు పడుతుంది," అంది. "అందరికీ తెలుసనుకున్నాను. ఇక్కడ పుట్టినవాళ్ళకి తెలుసు. బోర్డు పెట్టాలని ఎప్పుడూ తోచలేదు."

అవే అని చెప్పింది నేనే కదా. మనసులో ఒకటే లెక్క. వాళ్ళు ఎప్పుడు బయల్దేరారు, ఇప్పటికి భోజనం అయిపోయి ఉంటుందా.

మొదటి పార్కింగ్‌లో వాళ్ళ బండి లేదు. రెండోదాంట్లో నీలం వ్యాన్, వెనక పాప సీటు. కేరల్‌కి మోకాలు నొప్పి, ఎక్కలేదు. "నేను హారన్ కొడుతూ ఉంటాను, నువ్వు వెళ్ళు," అంది.

ఇసక కొండంటే మన గోదావరి తిన్నెలు ఊహించుకోకండి. నాలుగంతస్తుల ఎత్తు, నిట్టనిలువు. ఒక అడుగు పైకి వేస్తే సగం అడుగు కిందకి జారుతుంది. బూట్లలో ఇసక నిండి బరువెక్కింది. బూట్లు విప్పి పారేసి చేతులతో కూడా పాకాను. వెనక కేరల్ హారన్, ముందు గాలి. దిగుతున్న కుర్రజంట ఒకటి నన్ను చూసి పక్కకి తప్పుకుంది. పైకెక్కి చూస్తే కింద సముద్రంలా సరస్సు. ఒడ్డున ఎర్ర దుప్పటి పరుచుకుని ముగ్గురు.

అరిచాను. గాలి నా అరుపుని వెనక్కి విసిరేసింది. దిగటం కాదు, దొర్లాను.

దుప్పటి మీద డబ్బా మూత తీసి ఉంది. ఎలీ నోరు కదులుతోంది.

నేను ఆ పిల్ల గడ్డం పట్టుకున్నాను. కేటీ "ఏయ్!" అని అరిచి నా చెయ్యి లాగేసింది. ఎలీ ఏడుపు మొదలుపెట్టింది. తెరిచిన నోట్లో నమిలిన డోనట్ ముక్క.

"ఆ కూర తినకండి! విషం! మాకు తెలియక వండాం. మనం దిగిన ఇంటి ముందు చెట్టు గింజలు!"

బెన్ డబ్బాలోకి చూశాడు. "బకై జాతా?" అన్నాడు. ఒహాయో రాష్ట్రపు చెట్టు బకై, దీనికి చుట్టమే. అక్కడ పిల్లలు ఆ గింజ అదృష్టమని జేబులో వేసుకుని తిరుగుతారు. "నోట్లో మాత్రం పెట్టుకోవద్దని మా అమ్మ చెప్పేది. కూరలో ముక్కలుగా ఉంటే ఎలా తెలుస్తుంది! కేటీ ముట్టలేదు, నేను తిన్నాను. చేదుగా ఉంది. కానీ ఆవిడ అంత ప్రేమగా ఇచ్చింది కదా అని తిన్నాను."

"పాప?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తామిద్దరూ నీళ్ళ దగ్గర ఫోటోలు తీసుకుంటున్నప్పుడు పాప డబ్బా పక్కనే కూర్చుందట.

కేటీ ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది. "ఎలీ, బంగారూ, ఇందులోది తిన్నావా?"

ఎలీ ఏడుస్తూనే తల ఊపింది. అవునని.

ఎన్ని అంటే చెప్పలేదు. మింగావా అంటే అవునంది. తర్వాత కాదంది. పక్షులకి పెట్టానంది. కేటీ ఇసక గోకటం మొదలుపెట్టింది. నేనూ గోకాను. దుప్పటి అంచు పక్కన ఒక ముక్క దొరికింది, ఇంకొంచెం దూరంలో ఇంకొకటి. రెండిటి మీదా బియ్యపు గింజలంత పంటి గాట్లు. కొరికి ఉమ్మేసినట్టే ఉంది. మింగింది ఏమైనా ఉందో లేదో ఎవరు చెప్పగలరు?

బెన్ పాపని భుజాన వేసుకుని కొండ ఎక్కాడు. సగం దూరంలో ఆగి వంగి వాంతి చేసుకున్నాడు. పాపని నేను అందుకోబోయాను. కేటీ నా వైపు చూడకుండా, నాకన్నా ముందు అందుకుంది.

ఆసుపత్రి

రెండు గదులు పక్కపక్కనే. ఒకదాంట్లో విజయ, చేతికి సెలైన్, గుండె దగ్గర తీగలు. ఇంకోదాంట్లో బెన్, ఎలీ. మధ్య వసారాలో నేను. వట్టికాళ్ళతో ఉన్నానని చూసి ఒక నర్సు జారకుండా అడుగున రబ్బరు చుక్కలున్న ఆసుపత్రి మేజోళ్ళు తెచ్చి ఇచ్చింది.

నేను లోపలికి వెళ్ళగానే విజయ తల తిప్పింది. తన గురించి ఏమీ అనలేదు.

"పాప?"

"బాగానే ఉంది. కొరికి ఉమ్మేసినట్టుంది. ఈ రాత్రికి ఉంచి చూస్తామన్నారు."

"నువ్వు చూసేవా?"

"చూశాను. నోరు తెరిచి చూశాను."

అప్పుడు ఏడ్చింది. శబ్దం లేకుండా, నోరు బిగబట్టి. యువ డాక్టరు లోపలికి వచ్చి మళ్ళీ అదే ప్రశ్న వేశాడు, ఎంత తిన్నారని. నిత్య నోరు విప్పబోతే విజయ చెయ్యెత్తి ఆపింది. తనే ఇంగ్లీషులో చెప్పింది.

"ఫుల్ ప్లేట్. దెయిర్ షేర్ ఆల్సో. ఐ టోల్డ్ లై."

అందుకే కాళ్ళలో బలం పోయిందని డాక్టరు అన్నాడు. నీళ్ళు మార్చి ఉడకబెట్టడం వల్ల విషం కొంత పోయిందనీ, లేకపోతే ఇంకా పెద్ద గొడవయ్యేదనీ చెప్పాడు. అయినా ఆ రోజుకి ఇంటికి పంపనన్నాడు.

కాకినాడ నుంచి మా మరిది ఫోన్. విజయ చూపుడు వేలు పెదవి మీద పెట్టి, చెప్పొద్దని సైగ చేసింది. నేను ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఏమనుకుందో, తనే లాక్కుంది.

"నేను ఆసుపత్రిలో ఉన్నానండి. కంగారు పడకండి. విషపు గింజలు వండేను. నేనే వండేను, నేనే తిన్నాను... లేదు, అక్కనేమీ అనకండి. అక్కకి తెలియదు. ఆ పిల్ల కోసం చెప్పుల్లేకుండా కొండెక్కింది."

నేను వసారాలోకి వచ్చేశాను. అద్దంలోంచి పక్క గదిలో కేటీ కనబడింది. నా వైపు ఒకసారి చూసి తెర లాగేసింది. తప్పు పట్టలేకపోయాను. నా బిడ్డ అయితే నేనూ లాగేదాన్ని.

నిత్య ఫోన్‌లో చదివి చెప్పింది, ఈ చెట్టుకీ మన కుంకుడుకీ చుట్టరికమట, ఆ నురగ అందుకేనట. మీలో ఎవరైనా అటు వెళితే గుర్తుపెట్టుకోండి. తినే చెస్ట్‌నట్‌కి మొన ఉంటుంది, పైకాయకి వెంట్రుకల్లా దట్టమైన ముళ్ళు. తినకూడనిది గుండ్రంగా, మొన లేకుండా ఉంటుంది. పైకాయ మీద అక్కడక్కడ మొద్దు ముళ్ళు. ఆకులు అరచెయ్యిలా. అందం రెండోదానిదే.

మర్నాడు

పొద్దున్న విజయ నా భుజం మీద చెయ్యి వేసి గది చివరిదాకా నడిచింది. మోకాళ్ళు ఇంకా వణుకుతున్నాయి గానీ నిలబడ్డాయి. బెన్ కడుపునొప్పి రాత్రికే తగ్గిందట. ఎలీకి ఏమీ కాలేదు. పిల్లని ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నారని నర్సు వచ్చి చెప్పింది.

విజయ మంచం మీద కూర్చుని జుట్టు ముడేసుకుంది. "వాళ్ళు వెళ్ళేలోపు ఒక్కసారి పిలుస్తావా అక్కా? రాకపోతే పోనీ."

నేను వెళ్ళి తెర బయట నిలబడి అడిగాను. తెర కదల్లేదు. తిరిగొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను.

కొంతసేపటికి తలుపు దగ్గర అలికిడి. కేటీ. చంకలో ఎలీ, వెనక బెన్. కేటీ ముఖంలో నవ్వు లేదు. రాత్రంతా నిద్రపోని కళ్ళు.

విజయ రెండు చేతులూ జోడించింది. చెప్పాలనుకున్న ఇంగ్లీషు మాటలు ఒకటి రెండుసార్లు పెదవుల మీద సరిచూసుకుంది.

"ఐ యామ్ ఆల్సో మదర్," అంది.

కేటీ విజయ ముఖంలోకి చూసింది. విజయ చూపు దించుకోలేదు.

అప్పుడు కేటీ రెండడుగులు ముందుకి వేసి, చంకలోని పిల్లని దించి, ఆ మంచం మీద, విజయ పక్కన కూర్చోబెట్టింది.